పాత కొరొల్లా, పీ0171 కోడ్: ఆక్సిజన్ సెన్సర్ మార్చినా లైట్ మళ్లీ వెలిగింది, ఇంకేం చూడాలి?

సెయింట్‌లూయిస్_చలి

అందరికీ నమస్తే. బండి 2004 కొరొల్లా, 1.8 లీటర్ల 1జడ్‌జడ్-ఎఫ్‌ఈ ఇంజిన్, ఆటోమేటిక్, లక్షా అరవై రెండు వేల మైళ్లు తిరిగింది. ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు మా సీనియర్ దగ్గర కొన్నాను, ఆయన తన సీనియర్ దగ్గర కొన్నాడట, అంటే ఈ బండి నాకన్నా ఎక్కువ కాన్వొకేషన్లు చూసింది.

నవంబర్ చివర్లో చలి మొదలైనప్పటి నుంచి పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ గరగరమంటుంది, ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతుంది, బానెట్ దగ్గర నిలబడితే సన్నగా ఊళ వేసినట్టు ఒక చప్పుడు. అయిదారు నిమిషాలు నడిపాక ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. రెండు వారాలకి చెక్ ఇంజిన్ లైట్ వచ్చింది. ఇరవై డాలర్ల బ్లూటూత్ స్కానర్‌తో చూస్తే పీ0171, సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని.

దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్తే కోడ్ చూసి ముందువైపు ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. పార్టు, పని కలిపి 310 డాలర్లు. లైట్ ఆర్పి పంపించారు, నాలుగో రోజు పొద్దున మళ్లీ వెలిగింది. తిరిగి వెళ్తే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పట్టి లీకు వెతకడం) చేశారు, దానికి ఇంకో 120, ఎక్కడా పొగ రాలేదన్నారు. ఇప్పుడు ఫ్యూయల్ పంపు అంటున్నారు, 600 పైనే అవుతుందట. వచ్చే నెల ప్లేట్ రెన్యువల్, దానికి ఎమిషన్ టెస్ట్ పాస్ అవ్వాలి, లైట్ వెలుగుతుంటే ఎలాగూ ఫెయిలే. నిజంగానే టెన్షన్‌గా ఉంది. పంపు మార్చేయమంటారా, లేక ఇంకా ఏమైనా చూడాలా?

ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో నమోదైన అంకెలు) అని స్కానర్‌లో వచ్చినవి: కూలెంట్ 41 డిగ్రీల సెల్సియస్, 1,050 ఆర్‌పీఎం, బండి వేగం సున్నా, షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 17.2, లాంగ్ టర్మ్ ప్లస్ 18. వీటి అర్థం నాకు తెలీదు, ఫొటో తీసి పెట్టుకున్నానంతే.

పానా_చేతిలో

తమ్ముడూ, పంపు ముట్టుకోకు. నువ్వు అర్థం తెలీదంటూ చివర్లో పెట్టిన ఆ నాలుగు అంకెలే మొత్తం పోస్టులో అసలు విషయం, షాపువాళ్లు అవి చూసి ఉంటే నీకు 310 డాలర్లు మిగిలేవి.

పీ0171 అంటే సెన్సర్ పోయిందని కాదు. సెన్సర్ తన పని చేస్తూ "ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తోంది" అని చెబుతోంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు పెంచుకుంటూ పోయి, ఇక పెంచడానికి హద్దు వచ్చేసరికి లైట్ వెలిగించింది. ఆ పెంచిన లెక్కే ట్రిమ్. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు చేసే సర్దుబాటు, లాంగ్ టర్మ్ రోజుల తరబడి నేర్చుకుని గుర్తు పెట్టుకున్నది. రెండూ కూడాలి. నీ బండిలో 17.2, 18 కలిపితే 35, అంటే మామూలుగా పోయాల్సిన దానికన్నా మూడో వంతు పైగా ఎక్కువ పెట్రోలు పోస్తోంది, అయినా చాలడం లేదు. ఆరోగ్యంగా ఉన్న బండిలో ఈ మొత్తం అయిదారు లోపే తిరుగుతుంది, పది దాటితే ఏదో ఉందని అనుమానించాలి.

ఇక రెండో సంగతి, ఆ 35 ఎప్పుడు వచ్చింది? బండి ఆగి ఉంది, ఇంజిన్ ఇంకా వేడెక్కలేదు. పంపు నీరసపడితే ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) కాదు ఏడ్చేది, ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగే పెట్రోలు ఎంతని, ముసలి పంపు కూడా అంత ఇవ్వగలదు. హైవే ఎక్కి తొక్కినప్పుడే దాని బండారం బయటపడుతుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువగా, వేగం పెరిగాక తక్కువగా ఉంటే అది దాదాపు ఎప్పుడూ దొంగగాలి. మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) లెక్కపెట్టని గాలి, దాని తర్వాత ఎక్కడో చీలికలోంచి లోపలికి పోతోందన్నమాట. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే మొత్తం గాలే కొంచెం కాబట్టి చిన్న చీలిక కూడా పెద్ద వాటా అవుతుంది. అదే చీలిక 2,500 ఆర్‌పీఎం దగ్గర సముద్రంలో చెంబుడు నీళ్లు.

కానీ నేను ఊహించి చెప్పడం ఎందుకు, నువ్వే కొలువు. రేపు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలయ్యాక ఐడ్లింగ్‌లో రెండు ట్రిమ్‌లూ రాసుకో, వెంటనే 2,500 దగ్గర అర నిమిషం పట్టుకుని మళ్లీ రాసుకో. పూర్తిగా వేడెక్కాక ఇవే రెండూ ఇంకోసారి. తర్వాత హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్లని చూడమను, నువ్వు చూడకు. ఫుల్లుగా తొక్కినప్పుడు వచ్చే అంకెలు వద్దు, అప్పుడు కంప్యూటర్ సెన్సర్ మాట వినడం మానేస్తుంది కాబట్టి ట్రిమ్‌కి అర్థం ఉండదు.

కడిగేద్దాం_బ్రో

బ్రో ముందు మాఫ్ సెన్సర్ కడుగు, పది డాలర్ల స్ప్రే. నా ఆల్టిమాకి ఇదే కోడ్ వస్తే కడగ్గానే పోయింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత దగ్గరే ఉంటుంది, రెండు స్క్రూలు.

పానా_చేతిలో

కడగొచ్చు, తప్పేం లేదు, మాఫ్ క్లీనర్ అని రాసున్న డబ్బాతోనే, లోపలి తీగని వేలితో గానీ దూదితో గానీ తాకకుండా. కాకపోతే మాఫ్ కడిగితే అన్ని పాపాలూ మాఫీ కావు. దుమ్ము పట్టిన మాఫ్ గాలిని తక్కువ చేసి చెబుతుంది, ఆ తేడా గాలి ఎక్కువగా పారేటప్పుడు పెరుగుతుంది, అంటే ట్రిమ్ హైవే మీద కూడా ఎక్కువే కనిపించాలి. ఇతని బండి వేడెక్కగానే బాగైపోతోంది. సెన్సర్ మీద దుమ్ము అయిదు నిమిషాల్లో కరిగిపోదు కదా. నీ ఆల్టిమాలో నూనె రాసే రకం ఎయిర్ ఫిల్టర్ ఏమైనా పెట్టావా?

కడిగేద్దాం_బ్రో

పెట్టాను 😅

ఆటోనగర్_బాబాయ్

మాది విజయవాడ. అమెరికా బండి గురించి నాకు తెలిసింది తక్కువే కానీ ఈ చర్చ చదివి మన ఊళ్లో వాళ్లు కూడా ఇలాగే లీకు వెతుకుతూ కూర్చుంటారేమోనని రాస్తున్నా. పానా గారు చెప్పింది మాఫ్ ఉన్న బండ్లకి నూటికి నూరుపాళ్లు కరెక్టు. మన దగ్గర తిరిగే పాత చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తిలో) ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సరే. దానికి దొంగగాలి, దొరగాలి అన్న తేడా లేదు. చీలికలోంచి గాలి వచ్చినా మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, కంప్యూటర్ ఆ ఒత్తిడి చూసి దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది, ఫలితంగా ఐడ్లింగ్ పన్నెండు వందలో పదిహేను వందలో అయి కూర్చుంటుంది గానీ ట్రిమ్ అంతగా కదలదు. అందుకని మ్యాప్ బండికి లీన్ కోడ్ వస్తే నేను ముందు పెట్రోలు వైపే చూస్తా.

మొన్నటిదాకా ఒక 2011 హ్యాచ్‌బ్యాక్ మూడు చోట్ల తిరిగి మా షెడ్డుకొచ్చింది, రెండు సార్లు ఆక్సిజన్ సెన్సర్ మార్చేశారు. పెట్రోలు ప్రెషర్ గేజ్ తగిలించి చూస్తే ఐడ్లింగ్‌లో బాగానే ఉంది, బండి మీద నలుగురిని ఎక్కించుకుని కనకదుర్గమ్మ వారధి ఎక్కిస్తే సూది పడిపోతోంది. ఓనరు గారికి ఎప్పుడూ రిజర్వులో తిప్పే అలవాటు, వంద రూపాయలకీ రెండొందలకీ కొట్టించడం. ట్యాంకులో పంపు చల్లబడేది చుట్టూ ఉన్న పెట్రోలు వల్లనే, అది లేకపోతే పంపు వేడికి అరిగిపోతుంది. పంపు వేసి, పెట్రోలు వడకట్టే జాలీ మార్చాం, అయిపోయింది.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఒట్టి పెట్రోలుకి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి, ఇథనాల్‌కి 9 పాళ్లే చాలు, ఎందుకంటే దానిలోనే ఆక్సిజన్ ఉంది. ఇరవై శాతం కలిపేసరికి ఆ లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. ఒట్టి పెట్రోలు లెక్కతో సెట్ చేసిన పాత బండి ట్రిమ్ దీనివల్లే ఏడెనిమిది శాతం పైకి పోతుంది. ఒక్క దీనివల్ల లైట్ రాదు కానీ, ముందే పంపు కొంచెం వీక్, ఇంజెక్టర్లు కొంచెం మూసుకుపోయి ఉన్న బండికి ఇది తాటికాయంత బరువు. పాత రోజుల్లో పన్నెండుతో బతికిన బండి ఇప్పుడు ఇరవై దాటి లైట్ వేస్తుంది, జనం బంకువాడిని తిడతారు.

సెయింట్‌లూయిస్_చలి

అన్నా, బాబాయ్ గారూ, చాలా థాంక్స్. రూమ్మేట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ రాసుకొచ్చాను. బయట మైనస్ 6. రెండు ట్రిమ్‌లూ కలిపి ఇస్తున్నా.

చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో ప్లస్ 32, అప్పుడే 2,500 దగ్గర ప్లస్ 11. బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ప్లస్ 12, 2,500 దగ్గర 4. హైవే 44 మీద 60 మైళ్ల వేగంలో 2, 3 మధ్య.

అంటే పంపు కాదన్నట్టేనా? కానీ స్మోక్ టెస్ట్‌లో ఏమీ రాలేదే, అదే అర్థం కావట్లేదు.

పానా_చేతిలో

పంపు కాదు. మాఫ్ కూడా కాదు. హైవే మీద 3 చూపించే బండికి పంపు మార్చమనడం కాలికి దెబ్బ తగిలితే పళ్లు పీకడం లాంటిది.

స్మోక్ టెస్ట్ సంగతి చెప్తా. నువ్వు షాపుకి బండి నడుపుకుంటూ వెళ్లావు కదా, ఎంతసేపు? పావుగంట అనుకుందాం. వాళ్లు పొగ పట్టేసరికి ఇంజిన్ వేడిగా ఉంది. నీ లీకు చలిలో తెరుచుకుని వేడికి మూసుకునే రకం. దొంగ ఇంట్లో లేనప్పుడు పోలీసులు సోదా చేశారన్నమాట. స్మోక్ టెస్ట్ మంచిదే, కానీ బండిని రాత్రంతా షాపు బయట వదిలేసి పొద్దున స్టార్ట్ చేయకుండా చేయించాలి.

ఈ ఇంజిన్‌లో నా మొదటి అనుమానం ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, అంటే అతుకు దగ్గర గాలి పోకుండా మూసే పట్టీ. మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, సిలిండర్ హెడ్ అల్యూమినియం, మధ్యలో గాడిలో కూర్చునే రబ్బరు గాస్కెట్. ఇరవై ఏళ్లు వేడికి కాగి కాగి ఆ రబ్బరు గట్టిపడి చదునైపోతుంది, చలికి ఇంకా కుంచించుకుపోయి సందు ఇస్తుంది, వేడెక్కితే ఉబ్బి సర్దుకుంటుంది. నువ్వు చెప్పిన ఊళ కూడా అదే.

దీన్ని పట్టుకోవడానికి డబ్బులక్కర్లేదు. గులాబీ మొక్కలకి కొట్టే నీళ్ల స్ప్రే సీసా ఒకటి తీసుకో. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, గరగర మొదలవగానే మానిఫోల్డ్ హెడ్‌కి కలిసే అంచు పొడవునా కొద్దికొద్దిగా నీళ్లు కొట్టు. నీ ఇంజిన్‌లో మానిఫోల్డ్ రేడియేటర్ వైపే ఉంటుంది కాబట్టి చేతికి అందుతుంది. లీకు ఉన్నచోట నీళ్లు ఆ సందుని ఒక్క క్షణం మూస్తాయి, చప్పుడు మారుతుంది, షార్ట్ టర్మ్ ట్రిమ్ దిగుతుంది. వైర్లు, కాయిల్స్ మీద కొట్టకు. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, గ్రిల్ మంటకి అంటించే ప్రొపేన్ పడతారు, పని చేస్తాయి, నేనూ చేశాను, కనుబొమలు కాల్చుకున్నవాడినీ చూశాను. వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటే. నీళ్లతో తేలేదానికి అవన్నీ ఎందుకు.

అదే పనిలో ఇంకో రెండు చూసెయ్. ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కి వచ్చే రబ్బరు గొట్టం మడతల్లో పగుళ్లు ఉన్నాయా, వేలితో తెరిచి చూస్తేనే కనిపిస్తాయి. పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) నుంచి మానిఫోల్డ్‌కి వచ్చే సన్న గొట్టాన్ని ఐడ్లింగ్‌లో నొక్కి పట్టుకుంటే ట్రిమ్ పడిపోతే ఆ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందని అర్థం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర టక్ టక్ చప్పుడు కూడా విను, సెన్సర్‌కి ముందు అక్కడ చీలిక ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌ని మోసం చేస్తుంది. మిస్‌ఫైర్ అయినా అంతే, మండని సిలిండర్‌లోంచి ఆక్సిజన్ మండకుండా బయటికొస్తుంది, సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది. సెన్సర్‌కి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే, పెట్రోలు సంగతి దానికి తెలీదు.

డాలస్_అక్క

ఎమిషన్ గురించి ఒక్క మాట, మా తమ్ముడు ఇక్కడే దెబ్బతిన్నాడు. రిపేరు అయ్యాక లైట్ ఆర్పేసి మర్నాడే టెస్ట్‌కి పరుగెత్తకు. కోడ్ క్లియర్ చేసినా, బ్యాటరీ తీసినా లోపలి మానిటర్లన్నీ (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) "నాట్ రెడీ" అయిపోతాయి. 2001, ఆ తర్వాతి మోడల్ బండ్లకి మామూలుగా ఒక్క మానిటర్ మాత్రమే రెడీ కాకుండా ఉండొచ్చు, రెండు ఉంటే వెనక్కి పంపిస్తారు. నీ స్కానర్ యాప్‌లోనే రెడీనెస్ అని ఉంటుంది చూసుకో. పూర్తిగా చల్లారిన ఇంజిన్‌తో మొదలుపెట్టి కొంత ఊళ్లో, కొంత హైవే మీద ఒకే వేగంతో నాలుగైదు రోజులు నడపాలి. ట్యాంక్ నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు, సగం దగ్గర ఉంచు, లేకపోతే ఈవాప్ మానిటర్ (పెట్రోలు ఆవిరి బయటికి పోతోందా అని చూసేది) మొదలే కాదు. కాబట్టి రెన్యువల్‌కి రెండు వారాల ముందే రిపేరు అయిపోవాలని లెక్క వేసుకో.

సెయింట్‌లూయిస్_చలి

దొరికింది!! మూడో సిలిండర్, నాలుగో సిలిండర్ మధ్య అంచు మీద నీళ్లు కొట్టగానే ఊళ ఆగిపోయింది, షార్ట్ టర్మ్ 15 నుంచి 4కి పడింది, రెండు సెకన్లలో మళ్లీ పైకి. నాలుగు సార్లు చేసి చూశాను, రూమ్మేట్ వీడియో తీశాడు. అయిదు నిమిషాలయ్యాక అదే చోట కొడితే దాదాపు ఏమీ కాలేదు.

గాస్కెట్ 21 డాలర్లు. శనివారం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేశాను, వీడియోల్లో రెండు గంటలన్నారు, నాకు ఆరున్నర పట్టింది. కింద బ్రాకెట్‌కి ఉన్న నట్టు ఒకటి జారి ఎక్కడో పడిపోయింది, దానికే గంట. కూలెంట్ గొట్టాలు విప్పే ధైర్యం లేక థ్రాటిల్ బాడీని వాటితో సహా పక్కకి వాల్చి తాడుతో కట్టాను. పాత గాస్కెట్ నల్లది, గోరు గుచ్చితే దిగట్లేదు, బేకలైట్ లాగా అయిపోయింది. కొత్తది నారింజ రంగు, మెత్తగా ఉంది. బోల్టులు టార్క్ రెంచితో మధ్యలోంచి బయటికి బిగించాను.

ఇప్పుడు చల్లగా ఐడ్లింగ్‌లో ప్లస్ 10, వేడిగా ప్లస్ 8. ఊళ లేదు, ఊగడం లేదు. కానీ 8 అంటే ఇంకా ఎక్కువే కదా? లాంగ్ టర్మ్ మర్చిపోవడానికి టైమ్ పడుతుందా?

పానా_చేతిలో

శభాష్. పార్కింగ్‌లో, చలిలో, మొదటిసారి, ఆరున్నర గంటలంటే తక్కువే. లాంగ్ టర్మ్ దిగడానికి కొంచెం టైమ్ పడుతుంది నిజమే, అయితే నువ్వు కోడ్ క్లియర్ చేసి ఉంటే అదీ సున్నా నుంచే మొదలవుతుంది. క్లియర్ చేశాక రెండు రోజులు నడిపినా 8 ఉందంటే ఇంకో చిన్న లీకు ఉంది. గుర్తుందా, పాత లెక్కలో కూడా వేడిగా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో 12 ఉండేది. గాస్కెట్ వేడికి మూసుకునేదైతే ఆ 12 అంతా దానిదే కాకపోవచ్చు. ఇది చలికీ వేడికీ తేడా లేకుండా ఉంది కాబట్టి గొట్టాల్లో వెతుకు. పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగున చేరే వాయువుల్ని తిరిగి మానిఫోల్డ్‌లోకి పంపేది) ముందు, దాని కింది వైపు వేలు పెట్టి తడుము. తర్వాత బ్రేక్ బూస్టర్ గొట్టం.

సెయింట్‌లూయిస్_చలి

పీసీవీయే. పైనుంచి చూస్తే కొత్తదిలా ఉంది, వాల్వ్ దగ్గర వంపు తిరిగేచోట కింది వైపు అంగుళం పొడవు చీలిక, తీసి వంచితే నోరు తెరిచింది. గొట్టం, వాల్వ్ రెండూ మార్చా, 19 డాలర్లు. ఇప్పుడు చల్లగా ప్లస్ 4, వేడిగా 1, 2 మధ్య, హైవే మీద ఒక్కోసారి మైనస్ కూడా చూపిస్తోంది.

మొత్తం నలభై డాలర్ల సామాను. అంతకుముందు షాపుకి పోసినవి 430. ఆ పాత ఆక్సిజన్ సెన్సర్ అడిగి తెచ్చుకున్నా, అది బాగానే ఉన్నట్టు కదా, మళ్లీ అదే పెట్టి కొత్తది అమ్మేయనా?

పానా_చేతిలో

వద్దు, కొత్తది ఉండనీ. వేడికి బిగుసుకున్న సెన్సర్‌ని మళ్లీ విప్పితే మర చెడొచ్చు. పాతది డిక్కీలో పడెయ్, జూనియర్‌కి బండి అమ్మేటప్పుడు బోనస్‌గా ఇద్దువు.

సెయింట్‌లూయిస్_చలి

సరే అన్నా. మానిటర్లు ఇవాళ్టికి ఈవాప్, క్యాటలిస్ట్ తప్ప అన్నీ రెడీ అయ్యాయి. ట్యాంక్ సగం దగ్గర ఉంచి రేపు కొలంబియా దాకా వెళ్లొస్తున్నా, ఫ్రెండ్ పుట్టినరోజు ఉంది, రెండు పనులూ అవుతాయి. టెస్ట్ గురువారం.